పాట వింటూ కూర్చున్నావిడ

ఈ రోజు పొద్దున మా చర్చి క్వయర్ వాళ్లం బన్సీలాల్‌పేట్‌లో పాటలు పాడి, రోడ్డు పక్కన పడుకునేవాళ్లకు దుప్పట్లు పంచాం. నేను గిటార్ వాయిస్తూ పాడతాను. మేం పాడుతుండగానే పక్కన పంపకం మొదలైంది, అరగంటలో అయిపోయింది.

గిటార్ సంచిలో పెడుతుంటే, మొదటినుంచీ మా ఎదురుగా కూర్చుని విన్న ముసలమ్మ లేచి వచ్చి దుప్పటి అడిగింది.

"అయిపోయాయమ్మా. నువ్వు లైన్లో నిలబడలేదా?" అన్నాను.

"మీ పాట మంచిగుండె బిడ్డా. వినుకుంట కూసున్న, లైను సంగతే మరిచిన."

రేపు తెచ్చిస్తాను, ఎక్కడుంటావని అడిగాను.

"ఒక్కతాన ఉంటనా? ఎవలన్న లేపితే ఇంకోతానకు పోత."

నా స్వెటర్ విప్పి చేతిలో పెట్టాను. వెంటనే తిరిగిచ్చేసింది.

"సలికి గొంతు పోతది. మల్ల ఎట్ల పాడుతవ్?" అని నా భుజం తట్టి వెళ్లిపోయింది.

ఇకమీదట పంచాకే పాడదామని మావాళ్లతో అన్నాను. ఆ తెలివి ఇప్పుడొచ్చి ఏం లాభం? అటువైపు ఉండేవాళ్లకు, పాట వినిపిస్తే ఆగిపోయే ముసలమ్మ కనిపిస్తే కాస్త నాకు చెప్పండి.