మేకుల ట్రాక్ వేసిన చలికాలం

మా ఆయన డాక్టరు. చదువు అయిపోయాక ఈ దేశంలో ఉండాలంటే డాక్టర్లు దొరకని ఊళ్లో మూడేళ్లు పనిచేయాలన్నది వీసా షరతు. అలా మిషిగన్ ఉత్తరపు కొసన, ఒక సరస్సు ఒడ్డున ఉన్న చిన్న ఊరికి వచ్చి పడ్డాం. ఆయనకు ఆస్పత్రి ఉంది. నాది ఆయన మీద ఆధారపడిన వీసా. దాని మీద నేను ఇక్కడ ఉండొచ్చు, కారు నడపొచ్చు, ఉద్యోగం మాత్రం చేయకూడదు. పెళ్లికి ముందు ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో, టెస్టింగ్ సెక్షన్‌లో ఇంజినీరుగా ఉండేదాన్ని. గోళ్ల సందుల్లో ఎప్పుడూ గ్రీజు ఉండేది. ఇక్కడికొచ్చాక నా చేతులు శుభ్రంగా, తెల్లగా తయారయ్యాయి. వాటిని చూసుకుంటే చిరాకు పుట్టేది.

నవంబరులో మొదలైన మంచు ఆగలేదు. వంటింటి కిటికీ సగం దాకా మూసుకుపోయింది. షికాగో దగ్గర షామ్‌బర్గ్‌లో ఉన్న స్నేహితురాలు ఫోన్ చేసినప్పుడల్లా, "వీకెండ్‌కి డ్రైవ్ చేసుకుంటూ వచ్చెయ్యవే" అనేది.

"రోడ్డు కనిపిస్తే వస్తానే" అనేదాన్ని.

ఆయన చీకటితో వెళ్లి చీకటి పడ్డాక వచ్చేవారు. ఒకరోజు ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ మడతపెట్టాను. కాసేపు వాటి ముందు కూర్చుని, అన్నీ విప్పేసి మళ్లీ మడతపెట్టాను. ఆ సాయంత్రం నా మీద నాకే భయం వేసింది.

పక్కింట్లో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉండేది. స్కూలు బస్సు నడిపి రిటైరైంది. భర్త పోయి కొన్నేళ్లైంది. ఒక ఉదయం ఆమె షెడ్డు తలుపు మంచుకి బిగుసుకుపోతే పార పట్టుకుని సాయానికి వెళ్లాను. తలుపు తెరుచుకున్నాక లోపల మంచు మీద నడిపే పాత స్నోమొబైల్ కనిపించింది. ముందు రెండు స్కీలు, వెనక చక్రాల బదులు వెడల్పాటి రబ్బరు పట్టా. దాన్ని ట్రాక్ అంటారు. మంచును పట్టుకుని బండిని తోసేవి దాని మీది పళ్లే.

"మా ఆయన బండి. గడ్డకట్టిన సరస్సు మీద జారిపోతుంది, మెత్తటి మంచులో కూరుకుపోతుంది. ఎవరైనా తీసుకుపోతే బాగుండు" అందావిడ.

వంగి తడిమి చూశాను. పళ్లు అరిగి నున్నగా ఉన్నాయి.

"ఇంజిన్ బాగుంటే ట్రాక్ మారిస్తే చాలు. ఎత్తు పళ్లున్నది, మేకులున్నది వేయాలి."

"ఎవరు వేస్తారు?"

"నేను."

ఆవిడ నన్ను బూట్ల నుంచి టోపీ దాకా చూసింది. "సరే, ముందు కాఫీ తాగుదాం" అంది.

ఆ రాత్రి భోజనం దగ్గర విషయం చెబితే ఆయన చెంచా కింద పెట్టేశారు.

"దాని మీద ఎక్కడికి వెళ్తావ్?"

"ఎక్కడికీ వెళ్లను. రిపేర్ చేస్తానంతే."

"చెయ్, కాదన్ను. కానీ ఐస్ మీదకి ఒక్కదానివే వెళ్లకు, ప్లీజ్. మొన్ననే ఐస్ విరిగి నీళ్లలో పడ్డ ఒకతన్ని ఎమర్జెన్సీకి తెచ్చారు."

"వెళ్లను" అని మాటిచ్చాను.

కొత్త ట్రాక్ పెద్ద అట్టపెట్టెలో వచ్చింది. దాని పళ్లు పాతవాటికి దాదాపు రెట్టింపు ఎత్తు. కొన్ని పళ్ల కొసల్లో ఉక్కు మేకులు రబ్బరుతో పాటే అచ్చుపోసి ఉన్నాయి. ఆవిడ షెడ్డులో చిన్న హీటర్ పెట్టింది. బండి వెనక భాగాన్ని గొలుసుతో దూలానికి వేలాడదీశాను. తుప్పు పట్టిన బోల్టులు కదల్లేదు. నూనె పోసి వదిలేసి, మర్నాడు స్పానర్‌కి ఇనుప గొట్టం తొడిగి బలమంతా వేస్తే ఒక్కొక్కటే కిర్రుమంటూ ఊడాయి. సస్పెన్షన్ బయటికి లాగి, ట్రాక్‌ను తిప్పే ఇరుసు విప్పి, కొత్తది ఎక్కించాను. ఎత్తు పళ్లు పైనున్న రేకుకి గీసుకుంటాయేమోనని చేత్తో తిప్పి చూశాను. వేలు దూరేంత సందుంది. సంబరపడి పక్కకి జరిగేసరికి ట్రాక్ పై వైపున, అది తిరగాల్సిన దిక్కు చూపే బాణం గుర్తు కనిపించింది. అది వెనక్కి చూస్తోంది.

"ఏమైంది?" అంది ఆవిడ, టార్చి పట్టుకుని.

"తిరగేసి వేశాను."

"అంటే మళ్లీ విప్పాలా?"

"మొత్తం."

ఆవిడ పగలబడి నవ్వింది. నేనూ నేల మీద కూలబడి నవ్వాను. ఈ ఊరొచ్చాక అలా నవ్వడం అదే మొదలు.

రెండోసారి సరిగ్గా కుదిరింది. సరస్సు మీద మంచు గట్టిగా ఉన్న దారికి రెండు వైపులా కర్రలు పాతి ఉంటాయి. "వాటి మధ్యనే వెళ్లు" అని ఆవిడ హెల్మెట్ ఇచ్చింది. ఆయనకిచ్చిన మాట గుర్తుంది. అయినా ఎక్కాను.

మేకులు కరకరమంటూ మంచుగడ్డను పట్టుకున్నాయి. మలుపులో బండి ఇంచు కూడా జారలేదు. చాలా నెలల తర్వాత గాలి ఎదురుగా కొట్టింది. ఎదుట చిన్న దీవి, దాని ఒడ్డున ఎవరూ తొక్కని తెల్లటి మంచు. కర్రల దారి వదిలి ఆ ఒడ్డెక్కి ఆగాను. అటు వైపు కూడా ఇలాంటి ఒడ్డే, ఇలాంటి చెట్లే. తిరిగి బయల్దేరుతూ యాక్సిలరేటర్ గట్టిగా నొక్కాను. బండి కదల్లేదు, దిగబడింది. ఇంకా నొక్కాను. సీటు దాకా కూరుకుపోయింది.

దిగితే నడుం లోతు మంచు. ఫోన్‌లో సిగ్నల్ లేదు. పార తేలేదు. చేతులతో తవ్వితే తవ్వినంతా మళ్లీ జారి పడుతోంది. చెమట పట్టింది, ఆగగానే ఆ చెమటే చల్లబడి వణుకు పుట్టింది. ఎక్కడా చప్పుడు లేదు. అప్పుడు ఏడ్చాను. బండి కోసం కాదు.

దీవి అవతల మంచుకి కన్నం చేసి చేపలు పడుతున్న ఒకతను నా ఇంజిన్ అరుపు విని వచ్చాడు. ఊళ్లో స్నోమొబైల్ రిపేర్ షాపు అతనిదే.

"ఇంత ఎత్తు పళ్లతో ఆగిన చోట గట్టిగా నొక్కితే గొయ్యి తవ్వుతుంది. ముందున్న మంచు తొక్కి గట్టి చెయ్యి, తర్వాత మెల్లగా నొక్కు" అన్నాడు.

ఇద్దరం తొక్కి బాట చేశాం. అతను స్కీ పట్టుకు లాగాడు, నేను నెమ్మదిగా నొక్కాను. బండి పైకి వచ్చింది. అతను మోకాళ్ల మీద కూర్చుని ట్రాక్ బిగువు చూశాడు.

"ఎవరు వేశారిది?"

"నేనే."

"షాపులో మనిషి దొరక్క చస్తున్నా. సోమవారం రాగలవా?"

"రాలేను. నా వీసా మీద ఉద్యోగం చేయకూడదు."

"మీ ఆయన ఇక్కడి డాక్టరే కదా?"

"అందుకే చేయకూడదు."

అతనికి అర్థం కాలేదు. నేను థాంక్స్ చెప్పి బండి ఇంటి వైపు తిప్పాను.

ఆ సాయంత్రం ఆయనకు అంతా చెప్పాను. మాట తప్పినందుకు ముందు కోప్పడ్డారు. తర్వాత నా ముఖం చూసి లాయర్‌కి ఫోన్ చేశారు. పెట్టేసి నా వైపు తిరిగారు.

"ఫ్రీగా చేసినా రిస్కే అంటున్నాడు."

"నా చేతులకి కూడా వీసా కావాలా?"

"నేనేం చెయ్యను చెప్పు? రిజైన్ చేద్దామంటే నా వీసా కూడా పోతుంది."

నిజమే. ఆ షరతు ఆయన్నీ ఆ ఊరికి కట్టేసింది. అది తెలిసి కూడా ఆ రాత్రి ఆయన మీద కోపం తగ్గలేదు.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం పారా తాడూ బండికి కట్టుకుని వెళ్లేదాన్ని. ఆవిడ కిటికీలోంచి చూస్తూ ఉండేది. దీవి దాకా వెళ్లి వెనక్కి వచ్చేదాన్ని. అంతకు మించి వెళ్లడానికేమీ లేదు. అయినా ఆ కాసేపు ఊపిరి ఆడేది.

ఏప్రిల్‌లో సరస్సు మీద నీళ్లు తేలాయి, కర్రలు పీకేశారు. బండిని షెడ్డులోకి తోసి ట్రాక్ బిగువు వదులు చేశాం. ఆవిడ టార్పాలిన్ ఒక అంచు పట్టుకుంది.

"వచ్చే చలికాలం నన్ను కూడా వెనక ఎక్కించుకుంటావా?" అంది.

"తప్పకుండా. ఇంకా రెండు చలికాలాలు ఇక్కడే ఉంటాను" అన్నాను.

ఆవిడ ముఖం వెలిగిపోయింది. నేను తాడు ముడి వేయడానికి కిందికి వంగాను.