గళ్ళు కుదరని ఆదివారం

ఉదయగిరిలో మాకు పేపరు మొదటి బస్సులో వస్తుంది. ఆదివారం అనుబంధంలో వచ్చే గళ్ళ నుడికట్టును నేను పెన్నుతోనే నింపుతాను. పెన్సిలు పట్టేవాళ్ళకు తమ మీద తమకే నమ్మకం లేదని నా అభిప్రాయం. రిటైరైన టీచరమ్మకు ఆ మాత్రం పొగరు ఉండొద్దా? సందు చివర చెక్క స్పూన్లు చెక్కే తమ్ముడు నాకు పోటీ. సొంత తమ్ముడు కాదు, వరస కలిపి పిలుచుకోవడమే. సోమవారం పొద్దున ఇద్దరి పేపర్లూ పక్కపక్కన పెట్టి చూసుకోవడం మా అలవాటు.

ఆ ఆదివారం ఒక్క జవాబూ కుదరలేదు. మూడక్షరాల మాట తట్టింది, చూస్తే గళ్ళు నాలుగు. నాలుగక్షరాలది తట్టింది, గళ్ళు రెండే. మధ్యాహ్నానికి పేపరంతా కొట్టివేతలే. కోపం రావాల్సింది, భయం వేసింది. మా అమ్మకూ ఇలాగే మొదలైంది. ముందు మనుషుల పేర్లు పోయాయి, తర్వాత వస్తువులవి. చివరికి ఉప్పును కూడా "అది" అనేది.

సోమవారం నేను తమ్ముడి దగ్గరికి పోలేదు. అతనూ రాలేదు. తను నింపేసి ఉంటాడు, నన్ను చిన్నబుచ్చడం ఎందుకని ఊరుకున్నాడు అనుకుని ఇంకా కుంగిపోయాను. మంగళవారం ఎవరికీ చెప్పకుండా, డాక్టరుకు చూపించుకుందామని ఆత్మకూరు బస్సెక్కాను.

బస్టాండులో దిగితే ఎదురుగా తమ్ముడే.

"ఏందక్కా, ఇట్టొచ్చినావు?"

"చీరకు ఫాల్ కుట్టించాల. నువ్వేంది?"

"ఆకురాయి కొనాలక్కా."

అబద్ధమాడటం ఇద్దరికీ చేతకాదు. అతని చేతిలో కళ్ళ డాక్టరు చీటీ ఉంది. నా సంచిలోంచి ఆదివారం పేపరు కొస కనబడుతోంది.

"నువ్వు గూడా నింపలేదా?" అన్నాడు మెల్లగా. "గళ్ళు లెక్కపెట్టలేకపోతా ఉండానే, నా కళ్ళు పోయినాయనుకున్నానక్కా."

"నాకు మతి పోయిందనుకున్నాను రా."

అక్కడే బంకులో ఆ రోజు పేపరు కొన్నాం. లోపలి పేజీ అడుగున రెండే వాక్యాలు. ఆదివారం ఆధారాలకు పొరపాటున వేరే వారం గళ్ళు పడ్డాయట, చింతిస్తున్నారట. చింతించాల్సిందంతా మేం చింతించేశాక! అచ్చేసినవాళ్ళను నోరారా తిట్టాను. తిడుతుంటే గుండెల మీంచి బండ దించినంత హాయిగా ఉంది. డాక్టర్ల సంగతి మరిచిపోయి చెరి రెండు టీలు తాగి, తిరుగు బస్సెక్కాం.

తమ్ముడు సీటుకు ఆనుకుని నిద్రపోయాడు. నాకు మాత్రం అమ్మ గుర్తొచ్చింది. ఆమె "అది" అన్నప్పుడల్లా, "ఉప్పమ్మా, ఉప్పు" అని క్లాసులో పిల్లలకు చెప్పినట్టు దిద్దేదాన్ని. "నాకూ తట్టడం లేదమ్మా" అని ఒక్కసారి అబద్ధమైనా ఆడి ఉంటే, ఆమె ప్రాణానికి ఎంత తెరిపిగా ఉండేదో.