రాయికోడ్ బస్సులో పది ప్రశ్నలు

మొన్న మా మనవరాలు తన ఫోన్లో నన్ను ఆటకు కూర్చోబెట్టింది. టీవీలో వచ్చే ప్రశ్నల పోటీనే ఆటగా మార్చారట. ఎక్కడెక్కడివాళ్లో నలుగురు ఒకేసారి ఆడతారు, ప్రశ్నకు పది సెకన్లు. నేను కళ్లద్దాలు సర్దుకునేలోపే మూడు ప్రశ్నలు దాటిపోయాయి. "నానమ్మా, నువ్వే లాస్టు" అంది పిల్ల. ఉక్రోషం వచ్చింది, దాచుకోవడం దేనికి. ఎనభైల్లో జహీరాబాద్‌లో మేమూ ఆడాం ఈ ఆట. మాకు జవాబు రావడానికి రెండు రోజులు పట్టేది.

అప్పట్లో వీధి మొత్తానికి మా ఇంట్లోనే టీవీ. ఆదివారం వచ్చే ప్రశ్నల పోటీ అంటే నాన్నకు పిచ్చి. అల్లం బేరం ఎంత ముంచుకొచ్చినా ఆ అరగంట ఎవరికీ దొరికేవాడు కాదు. పది ప్రశ్నలు తెలుగులో రాసుకుని, మర్నాడు రాయికోడ్ బస్సు కండక్టరు చేతిలో పెట్టేవాడు. అక్కడ మా చిన్నమ్మ, అంటే అమ్మ చెల్లెలు, జవాబులు రాసి పంపేది. పదో తరగతిలో బడికే మొదట వచ్చిన మనిషి, ఆ వేసవిలోనే పెళ్లయిపోయింది. ఇంటర్ ప్రైవేటుగా రాయాలని పదకొండేళ్లుగా ఆశ. ఆమె మామ సరేననాలి. నాన్న రెండుసార్లు అడిగాడు. "ఇప్పుడు సదివి ఏం జేస్తది? ఇంట్ల పని తక్కువుందా?" అని రెండుసార్లూ ఒకటే మాట.

కోడలు బస్టాండుకు పోయే రివాజు లేదు కాబట్టి చీటీ ఆ పెద్దాయనే తెచ్చేవాడు. అక్కగారింటి నుంచి వారం వారం ఈ కాగితాలేమిటని అనుమానం. చదువుదామంటే ఆయన చదువంతా నిజాం కాలపు ఉర్దూలో, తెలుగు అక్షరం రాదు. "నా ముంగటనే సదువు" అన్నాడట. మొదటి ప్రశ్న వినగానే ఆగలేక జవాబు చెప్పేశాడు. "గిది గూడ రాయి, నా పేరు మీద." అలా కాగితం మీద కోడలికొక వరస, మామకొక వరస వచ్చాయి. పాత రాజుల సంగతులు ఆయనవి, మిగతావన్నీ ఆమెవి. ప్రతివారం ఓడిపోయేవాడు. నాన్న వేసిన మార్కులు అందిన పూట అన్నం కూడా సరిగా తినేవాడు కాదని చిన్నమ్మ నవ్వేది, వెంటనే పాపం అనేది.

తాను చెప్పినవి కోడలు తప్పుగా రాస్తోందేమోనని ఆయనకు ఇంకో అనుమానం పుట్టింది. ఒక వారం కాగితాన్ని బస్సు దగ్గర కండక్టరుతో చదివించుకున్నాడు. ఆ కండక్టరే నాన్నకు చెప్పాడు. "ఒక్కొక్కటి అడిగి సదివించుకున్నడు సేటూ. అన్ని ఆయన జెప్పినట్లనే ఉన్నయట. రెండింటికి ఆమె తన వరసల తెల్వదని రాసుకుంది, పక్కకే ఆయన జవాబు మంచిగ రాసింది. అది ఇని పెద్దమనిషి మల్లొకసారి సదివించుకున్నడు. బస్సు కదుల్తున్నా కాగితం ఇడువలే."

ఆ వారం ఒక్క మార్కుతో మామ గెలిచాడు.

నాలుగు రోజులకు ఆయనే బస్సెక్కి మా ఇంటికొచ్చాడు. మంచినీళ్లు కూడా తాగకుండానే, "ఆ పరీక్ష ఫారం యాడ దొరుకుతది? జర నువ్వు నింపు" అన్నాడు నాన్నతో. గెలిచిన సంగతి మాత్రం ఎత్తలేదు.

పరీక్షకు చిన్నమ్మను ఆయనే తీసుకొచ్చాడు. మూడు గంటలూ గేటు బయట ఎండలో నిలబడ్డాడు, అమ్మ పంపిన మజ్జిగ ముట్టలేదు. ఆమె బయటికి రాగానే "అన్ని రాసినవా బిడ్డా?" అని అడిగాడు. చిన్నమ్మ ఏడ్చేసింది. పోయిన పదకొండేళ్లను ఆయన తిరిగి ఇవ్వలేకపోయాడు. పన్నెండో ఏడు మాత్రం ఆమెదయింది.