ఆ పచ్చ రంగు వేసింది నేనే

ఒక మనిషి పని సరిగ్గా చేశాడు. చెయ్యలేదని నేను పదిమందిలో చెప్పాను. నా మాట నమ్మి ఊరు అతన్ని తరిమేసింది. ఇన్నేళ్లుగా గుండెల మీద పెట్టుకుని తిరుగుతున్న బరువు ఇదే. అన్నం తింటున్నప్పుడూ ఉంది, బతుకమ్మ ఆడుతున్నప్పుడూ ఉంది.

ముందే చెబుతున్నా, మీ ముందు ఏడవడానికి రాలేదు. అయ్యో పాపం అనిపించుకోవడానికి అసలే రాలేదు. చేసిన తప్పు ఎంతో అంతా ఒప్పుకుంటాను. చెయ్యని తప్పులు నా నెత్తిన రుద్దాలని చూస్తే మాత్రం ఊరుకోను. ముఖ్యంగా ఆ బండి ఎత్తు పెంచడం. అది తప్పని ఇప్పటికీ ఒప్పుకోను, చచ్చేదాకా ఒప్పుకోను.

మాది హాలియా దగ్గర ఊరు. సాగర్ కాలువ కింద ఎటు చూసినా వరి. మాకు పొలం లేదు, ఒక పికప్ బండి ఉండేది. నా భర్త అంజయ్య దాన్ని కిరాయిలకు తిప్పేవాడు. తెలంగాణ వచ్చిన కొత్తలో మాట ఇది. కోతల కాలంలో వడ్ల బస్తాలు మార్కెట్‌కు చేరిస్తేనే మాకు ఏడాది గడిచేది. కానీ కాలువ కింద మడి ఎప్పుడు ఆరింది గనక? కోత మిషన్ తిరిగిన చోటికి మా బండి పోయేది కాదు. చక్రాలు సగం దాకా దిగబడేవి. కూలీలు బస్తాలు నెత్తిన పెట్టుకుని గట్టు దాకా మోసుకురావాలి. ఆలోపు ట్రాక్టరువాడు ట్రాలీ దించి మా కిరాయి ఎగరేసుకుపోయేవాడు. మేము గట్టు మీద నిలబడి చూసేవాళ్లం.

బండి ఎత్తు పెంచి పెద్ద టైర్లు వేద్దాం అన్నది నేనే. ఫోన్‌లో చూశాను. ఎక్కడో కొండల్లో ఇలాంటి బండే పెద్ద పెద్ద టైర్లతో బురదలో దర్జాగా పోతోంది. అంజయ్య నవ్వాడు. మా అత్త మూతి మూడు వంకర్లు తిప్పి, "ఆడిదాని మాట ఇని బండిని ఒంటెను జేస్తవారా?" అని కొడుకును అడిగింది. అంతవరకు ఊరికే అన్న మాట, అప్పుడు నాకు పట్టుదల అయింది.

హాలియాలో సాగర్ రోడ్డు మీద సైదులు అనే మెకానిక్ షెడ్డు ఉండేది. సైదులు మంచివాడని నేను చెప్పను. నోటిదురుసు మనిషి. వచ్చిన గిరాకీనే తిట్టేవాడు. బండి బరువు మోసే కమాన్ కట్టను తన లాగా ఎక్కించేవాడు నల్గొండ జిల్లాలో ఉంటే చూపించమని రొమ్ము విరుచుకునేవాడు. అంజయ్యను అన్నా అనేవాడు, నన్ను వదినా అనేవాడు, ఇద్దర్నీ సమానంగా కసిరేవాడు. కానీ పని వచ్చు. ఆ మాట అప్పుడు అందరూ అనేవాళ్లు.

పెద్ద టైర్లు పట్టాలంటే బండి పైకి లేవాలి, లేకపోతే టైరు మడ్‌గార్డుకు రాసుకుంటుంది. సైదులు వెనక ఇరుసుకూ కమాన్ కట్టకూ మధ్య ఇనుప దిమ్మలు పెట్టాడు. కట్టలో పట్టీలు ఎక్కువ వేశాడు. మొత్తాన్ని పొడుగాటి యూ బోల్టులతో పట్టి బిగించాడు. ముందు వైపు పని అంతకుముందే అయింది. అంజయ్య టైర్ల కోసం మిర్యాలగూడ పోయాడు, షెడ్డులో నేనే కూర్చున్నాను. బిగించడం అయిపోయాక సైదులు నన్ను బండి కిందికి దూరి చూడమన్నాడు. చీర కుచ్చిళ్లు దోపుకుని దూరాను.

ప్రతి నట్టు మీద నుంచి పక్కనున్న ఇనుము మీదకి తెల్ల పెయింటుతో ఒక గీత గీసి ఉంది. కొత్త బోల్టులు బరువు పడేకొద్దీ సాగుతాయట, నట్టు కొంచెం కొంచెంగా వదులవుతుందట. నట్టు తిరిగితే గీత తెగి రెండు ముక్కలుగా కనిపిస్తుంది. లోడు ఎక్కించే ముందు రోజూ వంగి చూడాలి. తెగితే బండి కదపకుండా అతనికి ఫోన్ చెయ్యాలి. "ఎత్తుడు పెద్ద ముచ్చట గాదు వదినా, ఎత్తినంక సూస్కునుడే ముచ్చట," అన్నాడు.

ఈ సంగతి నేను అంజయ్యకు చెప్పలేదు. మరిచిపోయానా? మరిచిపోలేదు. గర్వం. నన్ను పొయ్యికీ వాకిలికీ తప్ప దేనికీ పనికిరాదనుకున్న ఇంట్లో, మగవాళ్లెవరికీ తెలియని బండి సంగతి ఒకటి నా ఒక్కదానికే తెలిసింది. దాన్ని నా దగ్గరే ఉంచుకోవాలనిపించింది. రోజూ పొద్దున బండి కడుగుతూ కడుగుతూ వంగి చూసేదాన్ని. గీతలు చక్కగా ఉండేవి. ఎంత సంతోషమో నాకు!

అంతలో దసరా వచ్చింది.

మా పుట్టిల్లు చండూరు వైపు. మగ్గాల ఇల్లు. నూలుకు రంగులద్దే ఇంట్లో పెరిగిన చేతులు ఇవి. చీర కొంగే కాదు, కుచ్చిళ్లలో దాక్కునే అంచుకు కూడా రంగు తప్పకూడదని మా బాపు తిట్టి తిట్టి నేర్పాడు. దసరాకు అందరూ బండి పైపైన కడిగి, పసుపు కుంకుమ పెట్టి, దండ వేసి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కిస్తారు. నాకు అది చాలలేదు. ఆ పొద్దున్నే ఇంటి గేటుకు పచ్చ రంగు వేశాను. డబ్బాలో ఇంకా మిగిలింది. అంజయ్య మాంసం తేవడానికి పోయాడు, అత్త ఇంటి వెనక పనిలో ఉంది. నేను డబ్బా పట్టుకుని బండి కిందికి దూరి దిమ్మలకు, పట్టీలకు, బోల్టులకు, అన్నిటికీ పచ్చ రంగు వేశాను.

ఇక్కడే నన్ను నేను ఎన్నిసార్లు నిలదీసుకున్నానో నాకే తెలియదు. తెలియక వేశావా? పండగ హడావిడిలో చూసుకోలేదా? అలా అని నన్ను నేను నమ్మించుకోవాలని చాలా ఏళ్లు ప్రయత్నించాను, ఒక్కోసారి నమ్మేశాను కూడా, కానీ పడుకుని కళ్లు మూసుకుంటే మొదటి గీత దగ్గర కుంచె ఆగడం కనిపిస్తుంది. ఆగింది. తెలిసే వేశాను. పచ్చటి ఇనుము మధ్య ఆ తెల్ల గీత కాకి రెట్టలా ఉందనిపించింది. ఇన్నాళ్లు కదలని నట్టు ఇప్పుడెందుకు కదులుతుంది, పండగ పోయాక మళ్లీ గీయించుకుంటే సరి అనుకున్నాను. మిగతా గీతల దగ్గర కుంచె ఆగనే లేదు.

ఎవరూ వంగి చూడలేదు. కింద కూడా రంగు ఉందని నాకు తెలుసు, అది చాలనుకున్నాను. సైదులు దగ్గరికి పోవడం ఇవాళ, రేపు అంటూ వాయిదా పడుతూ పోయింది. చూడ్డానికి గీతలు లేవు గనక రోజూ వంగడం కూడా మానేశాను. అంతలో కోతలు మొదలయ్యాయి.

ఆ కోతల సంగతి చెప్పకుండా దాటిపోను. మా బండి నిండు మడిలోకి దిగి, బస్తాలు నింపుకుని, గర్జించుకుంటూ గట్టెక్కేది. ట్రాక్టరువాళ్లు బీడీలు కాల్చుకుంటూ చూసేవాళ్లు. రైతులు ముందు రోజే ఫోన్ చేసి ఒంటె బండి పంపమని అడిగేవాళ్లు. మా అత్త ఎగతాళి చేసిన పేరే మాకు గిరాకీ తెచ్చింది. ఇప్పుడు మా వైపు ఇలా ఎత్తు పెంచిన బండ్లు ఇంకా కనిపిస్తాయి. మొదట ఎవరి బుర్రలో పుట్టిందో అడిగేవాడు లేడు. అడిగితే చెబుతా.

ఒక మధ్యాహ్నం నిండు లోడుతో కాలువ గట్టు ఎక్కుతుంటే ఒక పక్క బోల్టులు వదులై దిమ్మ జారిపోయింది. ఇరుసు పక్కకు మళ్లింది. బండి ఒరిగి గట్టు కిందికి పల్టీ కొట్టింది. అంజయ్య కాలు దాని కింద నలిగింది. నల్గొండ దవాఖానలో మోకాలి కింది నుంచి తీసేశారు. మనిషి దక్కాడు.

మరునాడు బట్టల కోసం దవాఖాన నుంచి ఊరికి వచ్చాను. కాలువ గట్టు మీద జనం మూగి ఉన్నారు. బండిని లేపి నిలబెట్టారు. మా మరిది, మా కులపెద్దలు కలిసి సైదులును పట్టుకొచ్చారు. అంగీ చిరిగి ఉంది, పెదవి పగిలి ఉంది. అయినా గొంతు తగ్గించలేదు.

"నా పనిల తప్పు లేదు. నట్లకు గీతలు వెట్టిన. వదినెకు సూపిచ్చిన, రోజు సూడుమన్న. అడుగుండ్రి ఆమెను!"

మా మరిది బండి కిందికి వంగాడు. బురద తుడిచి చూశాడు. "ఏడున్నయిరా గీతలు? అంత పచ్చగుంటె!"

సైదులు కూడా వంగి చూశాడు. లేచి నా వైపు తిరిగాడు. "గీ రంగు ఎవలేసిండ్రు వదినా?"

అందరూ నన్నే చూస్తున్నారు. మా అత్త మరీ దగ్గరికి వచ్చి నిలబడింది.

"నువ్వే ఏసిచ్చినవ్ గదా," అన్నాను.

"నేనా? నేనేసిన్నా?"

"బండి ఇచ్చిన్నాడే పచ్చగుండె. గీతలు గిట్ల నాకేం తెల్వదు."

సైదులు మళ్లీ వంగి గోటితో ఆ పచ్చ రంగు గీకబోయాడు, మా మరిది రెక్క పట్టి లాగేశాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటారంటారు. నేను అదీ చెయ్యలేదు. తల ఎత్తుకునే నిలబడ్డాను. మా ఇంటి గేటు అదే పచ్చ. అక్కడున్న ఏ ఒక్కరికీ అది తట్టలేదు. తట్టేలోపే గేటుకు నీలం రంగు వేసేశాను. ఒప్పుకుంటున్నా కదా, అదీ ఒప్పుకుంటున్నా.

నట్లు బిగించకుండా రంగు పూసి ఇచ్చాడు అన్న మాట హాలియా అంతా పాకింది. సైదులు షెడ్డుకు బండ్లు రావడం ఆగింది. కొన్నాళ్లకు షెడ్డు మూసేసి పెళ్లాం పిల్లలతో ఎక్కడో దూరాన కొత్తకోట పోయాడని విన్నాను.

ఎందుకు చెప్పావు అని మీరు అడుగుతారు. అడగండి. మొగుడు దవాఖానలో కాలు లేకుండా పడి ఉన్నాడు. బండి ఎత్తు పెంచమన్నది ఈ పెళ్లాం, రంగు పూసి గీతలు చెరిపింది ఈ పెళ్లాం అని తెలిస్తే నా గతేంటి? మొగుడి కాలు మింగిన ఆడది అనేవాళ్లు. కట్టుబట్టలతో వెళ్లగొట్టేవాళ్లు. సైదులు మగవాడు, చేతిలో పని ఉంది, ఇంకో ఊరు పోయి బతుకుతాడు. నేనెక్కడికి పోవాలి? ఇది సాకు అంటారా? అనండి. ఆ గట్టు మీద, మా అత్త పక్కన, నా చోట నిలబడి అనండి.

అంతా చెప్పాక కూడా ఒకటి మిగులుతుంది. నాకేం తెల్వదు అంటే సరిపోయేది. భయపడ్డ ఆడది నోరు మూసుకుంది అనుకోవచ్చు. దాని ముందు నువ్వే ఏసిచ్చినవ్ అన్నానే, ఆ మాట భయంతో అన్నది కాదు. తెలివితో అన్నాను. అడిగీ అడగక ముందే నా నోట్లో తయారుగా ఉంది. దానికి నా దగ్గర ఏ సాకూ లేదు. నన్ను నేను అసహ్యించుకునేది ఆ ఒక్క మాటకే.

ఆ తర్వాత బండి నడపడం నేర్చుకున్నాను. లైసెన్సు తీసుకున్నాను. ఇప్పుడు ఇంకో పికప్ బండి ఉంది, నేనే నడుపుతాను. వెక్కిరించినవాళ్లు వెక్కిరించారు, వాళ్ల వడ్లు కూడా నా బండిలోనే పోతాయి. చలికాలంలో అంజయ్యకు తెగిన కాలు సలుపుతుంది. నూనె రాస్తుంటే సైదులును వాళ్ల తల్లితో కలిపి తిడతాడు. నేను ఊ కొడతాను. ఆ ఊ కొట్టడం ఎంత కష్టమో మీకు తెలియదు. అంజయ్య మంచివాడు. ఇన్నేళ్లుగా తప్పు మనిషిని తిట్టిస్తున్నాను అతని చేత.

మొన్న ఉల్లిగడ్డల లోడుతో కొత్తకోట మీదుగా వస్తూ గాలి తక్కువైందని హైవే పక్కన పంక్చర్ షాపు దగ్గర ఆగాను. పైపు పట్టుకుని వచ్చింది సైదులు. జుట్టు నెరిసింది. వేరేవాడి షాపు, అతను కూలి. కమాన్ కట్టల పని అక్కడ లేదు. టైరు దగ్గర కూర్చోబోతూ తలెత్తి నన్ను చూశాడు. పైపు కింద పడేశాడు. నా బండి ముందు తుపుక్కున ఉమ్మి, లోపలికి వెళ్లి ఇంకొకతన్ని పంపాడు.

మంచి పని చేశాడు. నవ్వి పలకరించి ఉంటే తట్టుకోలేకపోయేదాన్ని. దిగి అందరి ముందు చెప్పాల్సింది. దిగలేదు. పొలాల మడుల్లోకి లోడు బండి దించే నాకు ఆ సీటు మీద నుంచి దిగే ధైర్యం లేకపోయింది.

ఇదంతా రాయడం మొదలుపెట్టాక ఆ బరువు కొంచెం తగ్గింది. అంతే. సైదులుకు షెడ్డు తిరిగి రాదు. అతను నన్ను క్షమించడు, క్షమించమని నేను అడగను. అడిగే ముఖం ఉన్నదాన్ని కాను.

ఇందులో నా మొగుడి పేరు మార్చాను. నా పేరు రాయనే లేదు. సైదులు పేరు మాత్రం మార్చలేదు. నింద అతని సొంత పేరు మీద వేశాను, తీసెయ్యడం కూడా ఆ పేరు మీద నుంచే తీసెయ్యాలి. హాలియాలో చదివేవాళ్లు ఉంటే వినండి. సైదులు నట్లు గట్టిగా బిగించాడు, గీతలు పెట్టాడు, చూడమని నాకు చెప్పాడు. ఆ పచ్చ రంగు వేసింది నేను. మమ్మల్ని ఎవరైనా గుర్తుపడితే గుర్తుపట్టనీ, నేను ఇంట్లోనే ఉంటాను.