పొగ ఎక్కడికి పోతుందని అడిగిన మనిషి

మా పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు సిరిసిల్ల బస్టాండులో తెలిసింది. కరీంనగర్ దవాఖానలో ఉన్న ఆమెను చూద్దామని బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఫోను మోగింది. మా అన్న, అంటే పెద్దమ్మ కొడుకు, "చెల్లె, అమ్మ పోయిందే" అన్నాడు. నాకు ఏడుపు అందుకునే లోపే ఇంకో మాట అన్నాడు. "ఎవలన్న అడిగితే గుండె ఆగి పోయిందని చెప్పు."

గుండె ఆగకుండా ఈ భూమ్మీద ఎవరు పోయారు? ఏడవాల్సినదాన్ని, ఒళ్లు మండి అక్కడే నిలబడిపోయాను. ఆ మంట ఇంకా చల్లారలేదు. ఈ నాలుగు మాటలూ దానితోనే రాస్తున్నాను, చదివేవాళ్లు సర్దుకోవాలి. మా పెద్దమ్మ గుండెకు ఏ రోగమూ లేదు. ఆమె పొగతో పోయింది. తన వంటింట్లో, తన నెత్తి మీదున్న చిమ్నీ గొట్టం నుంచి దిగిన పొగతో పోయింది.

కోరుట్లలో వాళ్ల గల్లీ మొదట్లో ఫ్లెక్సీ కట్టారు. అందులో పట్టుచీర కట్టుకుని నవ్వుతోంది. ఊరికే నవ్వే మనిషి కాదు, ఏ పెళ్లిలోనో ఫోటోలు తీసేవాడు బతిమాలి నవ్వించి ఉంటాడు. కింద 'అనారోగ్యంతో' అని రాయించారు. ఆమె చదవగలిగి ఉంటే, రాసినవాణ్ని పిలిచి చెరిపించేదాకా అన్నం ముట్టేది కాదు.

మా పెద్దబాపు కల్లు గీసేవాడు. చెట్టుకూ నడుముకూ కలిపి వేసుకునే తాడును మోకు అంటారు. ఎక్కే ముందు ఆయన ఆ మోకును రెండు చేతులా గుంజి, ముడులన్నీ తడిమి, అప్పుడు చెట్టు వైపు తిరిగేవాడు. పెళ్లయిన కొత్తలో చూసిన ఆ పనే పెద్దమ్మకు జీవితాంతం కొలబద్ద అయింది. "మోకు సూసుకోకుంట చెట్టెక్కేటోన్ని నమ్మద్దు బిడ్డా" అనేది. బోరు మోటరు బాగుచేసేవాడు వచ్చినా, కరెంటు పని చేసేవాడు వచ్చినా, మనిషి మాట వినేది కాదు. పని మొదలుపెట్టే ముందు అతని కళ్లు ఎటు పోతున్నాయో చూసేది. సిలిండరు తెచ్చినాయన సబ్బు నురుగు రాసి గ్యాసు లీకు లేదని చూపించేదాకా గడప దాటనిచ్చేది కాదు. అతను విసుక్కుంటే, "ఇసుక్కో బిడ్డా, గని సూపెట్టి ఇసుక్కో" అనేది.

నా పెళ్లి సంబంధం కూడా ఆమె ఇట్లాగే తేల్చింది. మా ఇంట్లో అందరూ పిల్లవాడి నౌకరీ గురించి, వాళ్ల ఇంటి గురించి గుసగుసలాడుతుంటే, పెద్దమ్మ అతను మంచినీళ్లు తాగిన గ్లాసును చూస్తూ కూర్చుంది. అతను దాన్ని కుర్చీ కింద పెట్టకుండా లేచి, బోళ్లు తోమే చోట పెట్టి వచ్చాడట. "గీ పిలగాడు పనికొస్తడు" అని లేచిపోయింది. ఆ లెక్క ఇప్పటిదాకా తప్పలేదు. నేను సుఖంగా తింటున్న ప్రతి ముద్దలో ఆమె పాలు ఉంది.

అన్న దుబాయ్ నుంచి తిరిగొచ్చి టైల్స్ దుకాణం పెట్టాడు. తర్వాత రోడ్డు మీదికి కొత్త ఇల్లు కట్టాడు. ముందు గోడకు కింది నుంచి మీదిదాకా దుకాణంలోని ఖరీదైన టైల్స్ వేయించాడు. గిరాకీలను తీసుకొచ్చి ఆ గోడ చూపించి బేరం చేసేవాడు. వాస్తు ప్రకారం వంటిల్లు ఆగ్నేయంలో పడింది. ఆ మూల రోడ్డు వైపే ఉంది. చిమ్నీ గొట్టం బయటికి తీస్తే ఆ గోడకే బొక్క కొట్టాలి, బొక్క కింద జిడ్డు కారి చారలు పడతాయి. అందుకని మేస్త్రి గొట్టాన్ని బయటికి తీయకుండా, అందం కోసం వేసిన పీఓపీ సీలింగ్ మీదికి ఎక్కించి అక్కడే వదిలేశాడు. ఆ గల్లీలో కొత్త ఇళ్లన్నీ ఆ మేస్త్రివే. అన్ని ఇళ్లలోనూ అదే తెలివి.

గృహప్రవేశం నాడు పెద్దమ్మ చిమ్నీ కింద నిలబడి తలెత్తింది. "పొగ ఏడికి పోతది కొడుకా?"

"మీదికి పోతదే అమ్మా."

"మీదికంటే ఏడికి? మీద స్లాబు ఉండె గద!"

చుట్టాలు నవ్వారు. ముసలమ్మకు కట్టెల పొయ్యి ఇంకా మరుపు రాలేదని ఎవరో అన్నారు. పెంకుటింట్లో ఉన్నన్నాళ్లూ ఏటా వానలకు ముందు వెదురు బొంగుకు గోనెసంచి చుట్టి, పొగగొట్టంలో మసి తనే దులిపిన మనిషి ఆమె. అడగాల్సిన మాటే అడిగింది. 

చిమ్నీ మొరాయించినప్పుడు మొదట జగిత్యాల నుంచి ఒకతను వచ్చాడు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. నోటినిండా పాన్, ముఖంలో చిరాకు. వచ్చీ రాగానే స్టూలు అడిగాడు. ఎక్కి, జాలీ ఊడదీసి, టార్చి వేసి లోపలికి చూశాడు. దిగి వీధిలోకి పోయి గోడ చూసి వచ్చాడు. "పైపు బయటికి ఏడ తీసిన్రు సార్?" అని అడిగాడు. తీయలేదని అన్న చెప్పాడు.

"గట్లయితే నేను కడుగ. నూనె జిడ్డంత సీలింగ్ మీద జమైతున్నది. బయటికి తియ్యిన్రి, అప్పుడు పిలువున్రి. రేపు అంటుకుంటే నా పేరే చెప్తరు."

"నువ్వు చిమ్నీ కడుగనీకి అచ్చినవా, నా ఇల్లు కూలగొట్టనీకి అచ్చినవా?" అని అన్న లేచాడు. మాటా మాటా పెరిగింది. అతను సంచి తీసుకుని చాయ్ కూడా తాగకుండా పోయాడు. పెద్దమ్మ గేటుదాకా వెంట పోయి వచ్చి నాతో అంది, "కొట్లాడేటోన్ని నమ్మాలె బిడ్డా. మనతోని కొట్లాడితే ఆనికి అచ్చేదేముంది? ఉన్న కూలి పోతది."

కొన్నాళ్లకు అన్న ఫోనులో వెతికి ఇంకొకతన్ని పిలిపించాడు. ఇస్త్రీ చేసిన టీషర్టు, మెడలో కార్డు, నోరు తెరిస్తే అమ్మా, సార్. నురుగు కొట్టాడు, తుడిచాడు, బయటి అద్దం తళతళలాడించాడు. పోయే ముందు తన పనికి ఫోనులో ఐదు చుక్కల మార్కులు పెట్టించుకున్నాడు. పైన పటారం, లోన లొటారం. "ఆడు ఒక్కపారి గుడ తలెత్తి పైపు దిక్కు సూడలేదురా" అని పెద్దమ్మ అంటే, "నీకెందుకే అమ్మా గివన్ని, జర కూసో" అని కొడుకు కసిరాడట. ఆ రాత్రే నాకు ఫోను చేసి చెప్పింది. ఆ గొంతులో కోపం లేదు. కోపం లేని ఆమె గొంతు వినడం నాకు అదే మొదటిసారి.

అగ్గి పడ్డ రోజు, మనుమరాలు హాస్టలుకు పోతుంటే పెద్దమ్మ గారెలు చేస్తోంది. నూనె భగ్గుమని లేచింది. మంట జాలీకి అంటుకుని, గొట్టంలోకి ఎక్కి, సీలింగ్ మీద ఇన్నాళ్లూ పేరుకున్న జిడ్డును అందుకుంది. సీలింగ్ ముక్కలై రాలింది, నల్లటి పొగ దిగింది. పెద్దమ్మ పిల్లను బయటికి తోసింది. "గ్యాస్ బంద్ చేసి అస్త" అని మళ్లీ లోపలికి పోయింది. బంద్ చేసింది కూడా. చేయకపోతే గోడకు గోడ ఆనుకుని ఉన్న పక్కిల్లు కూడా పోయేది. బయటికి తీసుకొచ్చేసరికి ఆమెకు తెలివి లేదు. ఒంటి మీద ఒక్క బొబ్బ లేదు. అన్న అబద్ధానికి అదే అక్కరకొచ్చింది. పొగ చూసి వచ్చినవాళ్లకు నూనె మాడిందని, ఆ కంగారుకు అమ్మకు గుండె పట్టిందని చెప్పాడట.

దినాల నాడు నేను పోయేసరికి వంటింట్లో కొత్త సీలింగ్, కొత్త రంగు! తల్లి పదకొండో రోజుకు ముందే మసి కనపడకుండా చేశాడు. నన్ను పక్కకు పిలిచి, "ఇంట్ల అగ్గి పడ్డదంటే ఇల్లు అచ్చిరాలేదంటరు చెల్లె, నా దుకాణం మునుగుతది" అన్నాడు. "అమ్మ మునిగింది గద అన్నా" అన్నాను. తల తిప్పుకున్నాడు. వాకిట్లో టెంటు కింద కూర్చున్న పెద్దమనుషులు మాత్రం తలరాత అంటున్నారు. తలరాత అట! అది రాసింది బ్రహ్మ కాదు, మేస్త్రి. రాయించినవాడు ఎదురుగా నిలబడి అందరికీ దండాలు పెడుతున్నాడు.

ఇది చదువుతున్నవాళ్లు నా మీద జాలి పడాల్సిన పని లేదు. ఇంట్లో చిమ్నీ ఉంటే లేచి పోయి గొట్టం ఎక్కడ తేలిందో చూడండి. కడగడానికి వచ్చిన మనిషి స్టూలు అడగకపోతే, పొగ ఎక్కడికి పోతుందని అడగకపోతే, ఎంత మర్యాదగా మాట్లాడినా అక్కడి నుంచే పంపేయండి. మీతో గొడవ పెట్టుకునేవాడు దొరికితే వదలకండి.

ఆ దినాల నాడే, అన్న వంటింట్లో రంగు ఆరలేదని పెద్దలకు పెట్టే గారెలు పక్కింటక్క తన ఇంట్లో చేస్తోంది. పిండి అందించే మిషతో పోయాను. ఆమె నెత్తి మీద అదే చిమ్నీ, తళతళలాడుతూ. "పెద్దమ్మకు గుండె నొప్పి ఎన్నడు గుడ లేకుండె గద?" అని ఆమే అడిగింది.

"లేదక్కా. పొగతోని పోయింది" అన్నాను. సీలింగ్ సంగతి, గ్యాసు కోసం మళ్లీ లోపలికి పోయిన సంగతి చెప్పాను. "మీ పైపు ఏడికి పోతది?" అని అడిగాను.

ఆమె పొయ్యి ఆర్పింది. స్టూలు జరుపుకుని ఎక్కి, జాలీ గుంజి కింద పడేసి, చెయ్యి లోపలికి పెట్టింది. మోచెయ్యి దాటిపోయింది. తీసినప్పుడు గాజులతో సహా నల్లటి జిడ్డు.

అప్పుడే అన్న గుమ్మంలోకి వచ్చాడు. "అక్కా, బంతి కూసున్నది. గారెలయినయా?"

ఆమె స్టూలు మీది నుంచే ఆ చెయ్యి అతని ముందుకు చాపింది. జిడ్డు మోచేతి నుంచి చుక్కలు చుక్కలుగా కారుతోంది. మూకుట్లో గారెలు సగం వేగి ఆగిపోయాయి. బయట విస్తళ్ల ముందు జనం కూర్చున్నారు.  ఆమె చెయ్యి దించలేదు, తుడుచుకోలేదు.