ముప్పై అయిదు ముక్కలు నావైపు

మొత్తం పోయింది రెండు లక్షలు. అందులో నలభై నాలుగు వేలు పేకాట దాకా రాకముందే, చిట్టీ పాటలో పోయాయి. మిగతా లక్షా యాభై ఆరు వేలు కోకాపేటలో ఒక ఫ్లాట్‌లో, ఒక్క శనివారం మధ్యాహ్నం పోయాయి.

చిట్టీ నెలకు పదివేలు, ఇరవై నెలలు. నిజాంపేట హాస్టళ్ల పిల్లలకు నా భార్య ఇంట్లోనే కూరలు వండి అమ్ముతుంది. ఆ డబ్బుతోనే కట్టేది. ఆఖర్లో ఎత్తి, రోడ్డు మీద ఒక షట్టర్ తీసుకుని కర్రీ పాయింట్ పెట్టాలని ఆమె ఆశ. ఆరో నెలలోనే నేను పాడేశాను.

“గింత తగ్గించి పాడుతవేంది తమ్మీ? జర ఆగరాదు!” అంది చిట్టీ నడిపే అక్క.

“మంచి షట్టర్ దొరికిందక్కా” అన్నాను.

పోకర్ ఫోన్‌లో చూసి నేర్చుకున్నాను. చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద తెరిచేవి అయిదు. ఆ ఏడింటిలో మేలైన అయిదు ఎవరికి కుదిరితే డబ్బు వాళ్లది. నాసి ముక్కలు వస్తే పడేసి ఊరుకోవాలి. ఆ కోకాపేట ఫ్లాట్‌లో ఆఫీసు వాళ్లతో మూడు శనివారాలు చిన్న పందేలు ఆడాను. పదింటిలో ఏడు ఆటలు వదిలేసేవాణ్ణి.

“అన్నా, ఆడనీకి వచ్చినవా, ఏసీ కింద కూసోనీకి వచ్చినవా?” అని ఆ ఫ్లాట్‌లో ఉండే కుర్రాడు ఎగతాళి చేసేవాడు. అయినా పైసా పోలేదు. అందుకే నాలుగో శనివారం చిట్టీ డబ్బు మొత్తం తీసుకెళ్లాను.

బల్ల మీద నాలుగు ముక్కలు తెరిచేసరికి నాకు వరుసగా అయిదు కుదిరాయి. ఆ కుర్రాడు ఉన్నదంతా పెట్టాడు. నేనూ పెట్టాను. చేతిలో ముక్కలు చూపించుకున్నాం. అతనికి ఆఠీన్లు నాలుగున్నాయి, అయిదోది పడితేనే గెలుపు. నా చేతిలో ఆఠీను లేదు. కనబడని ముక్కలు నలభై నాలుగు. వాటిలో ఆఠీన్లు తొమ్మిది. ముప్పై అయిదు నావైపు.

ఆఠీను ఏడు పడింది.

“నీ లెక్క కరెక్టే అన్నా. అయిదుసార్లు ఆడితే నాలుగుసార్లు నువ్వే గెలుస్తవ్” అన్నాడు, నోట్లు సర్దుకుంటూ.

నిజమే. రెండోసారి ఆడటానికే నా దగ్గర ఏమీ లేదు.

ఇంటికి వస్తే ఆమె మంచి చీర కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

“అక్క చెప్పింది, షట్టర్ దొరికిందంట గదా. చూపిస్తవా?”

చెప్పాను. “ఇగ పో లోపలికి” అంది. చీర మార్చుకుని రేపటి బెండకాయలు ముందేసుకుంది.

చిట్టీ ఎత్తిన వాళ్లకు తగ్గింపులో వాటా రాదు. ప్రతి నెలా నిండుగా పదివేలు. నా జీతంలోంచి ఇస్తానంటే వద్దంది. కూరల డబ్బు కొంగున కట్టుకుని తానే వెళ్లి ఇచ్చివస్తుంది. అలా తొమ్మిది కట్టింది. ఇంకా అయిదున్నాయి. యాభై వేలు.