నేను గెలిచిన మొదటి కేసు రద్దయిన వైనం

ఆ రోజుల్లో నాకు నల్లకోటు కొత్త, ఆ కోటుకు నేనూ కొత్తే. కడప ఎండకు రోడ్డు మీది తారు కరిగి చెప్పులకు అంటుకుంటున్నా సరే, దాన్ని విప్పేదాన్ని కాదు. బస్సులో కండక్టరు "ఏం లాయరమ్మా, యాడికి?" అని ఒక్కసారైనా అడగకపోతాడా అని నా ఆశ. (ఏనాడూ అడగలేదు. "లోపలికి జరుగు పాపా" అనేవాడు.) చట్టాలు బాగానే చదివాను గాని, మనుషుల్ని చదవాలని ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినే వయసు కాదది.

నాకు దొరికిన మొదటి కేసు మా పసుపు మామది. మా అమ్మకు వరసకు తమ్ముడు, మైదుకూరు దగ్గర పసుపు పండిస్తాడు. ఆయన చేని అంచునే ఒక బాట ఉంది. పక్క చేనున్న ముసలమ్మ ఆ బాట మీదే తన ఎద్దులబండి తోలిస్తుంది. ఆమెను ఊళ్ళో అందరూ చర్చి అవ్వ అంటారు. బండి చక్రాలకు తన గట్టు తెగుతోందని, ఇకపై ఆమె అటు రాకుండా ఆపమని మామ దావా వేశాడు. ఆ బాట లేకపోతే అవ్వకు చేను ఉన్నా లేనట్టే. (ఆ సంగతి నేను ఆలోచించలేదు. నాకు చేను కనిపించలేదు, నా పేరుతో మొదటి తీర్పు కనిపించింది.) మా సీనియర్ని పెద్దసారు అనేవాళ్ళం. ఆయన సరిగ్గా మొదటి వాయిదా రోజునే శ్రీశైలం దర్శనానికి బయలుదేరుతూ, "నువ్వే చూసుకో. తెలియకపోతే నోరు మూసుకో" అని మాత్రం చెప్పిపోయాడు.

ఆ ఉదయం నా చేతిలో ఫైళ్ళు, భుజాన సంచి, వేలికి వేలాడుతూ అమ్మ కట్టిచ్చిన క్యారియర్. రొట్టె, చెనక్కాయల ఊరుబిండి. క్యారియర్‌తో కోర్టు హాల్లోకి పోతే నా పరువేం కావాలి? వరండాలో పెడదామంటే అక్కడి కుక్కలు లాయర్ల అన్నం తిని బలిసినవి. స్తంభానికి ఆనుకుని ఒక అవ్వ కూచుని ఉంది. తెల్లచీర, ఒళ్ళో గుడ్డసంచి.

"అవ్వా, ఇది కొంచెం చూస్తాండు. నేనొచ్చేదాకా లేచి పోవద్దు, సరేనా?"

"పో పాపా, నేనుండా గదా" అంది.

లోపల మా కేసు పిలిచారు. మామ చేని పనుల్లో పడి ఆ రోజు రాలేదు. బిళ్ళబంట్రోతు గుమ్మంలో నిలబడి ప్రతివాది పేరు మూడుసార్లు కేకేశాడు. ఎవరూ రాలేదు. ప్రతివాది రాకపోతే ఆమె లేకుండానే కేసు నడిపేస్తారు, దాన్నే ఎక్స్‌పార్టీ అంటారు. జడ్జిగారు ఆ ముక్క రాసేశారు. నేను గాల్లో తేలుతూ బయటికొచ్చి క్యారియర్ తీసుకున్నాను. "పాపా, ఒక మాట..." అని అవ్వ ఏదో అడగబోయింది. "తర్వాత అవ్వా, పనుంది" అన్నాను. అమ్మకు ఫోన్ చేయడమే ఆ పని.

తర్వాతి వాయిదాకు పెద్దసారు వచ్చినా, వాదన మాత్రం నేనే చేస్తానని పట్టుబట్టాను. ప్రతివాది కూచోవలసిన బల్ల వైపు చెయ్యి చాచి, గొంతు పెంచి, దించి, అరగంట వాదించాను. బల్ల మీద ఒక ఈగ ఉంది. అదీ మధ్యలో లేచిపోయింది. డిక్రీ మాకే వచ్చింది. అమ్మ ఓళిగలు చేసి వీధంతా పంచింది. "ఎదుటోళ్ళు నోరెత్తలేకపోయినారంట" అని చెప్పుకుంది. అది అబద్ధమేమీ కాదు. మామ డిక్రీ చూపించి బాటకు అడ్డంగా ముళ్ళకంప కొట్టాడు.

నెల తిరక్కముందే అవతలి నుంచి పిటిషన్ వచ్చింది. ఆ డిక్రీ రద్దు చేసి, చర్చి అవ్వ మాట కూడా వినమని. ఆ రోజు రాకపోవడానికి కారణం కామెర్లట. వాళ్ళ లాయరు ఇంగ్లీషులో రాయించి అవ్వ వేలిముద్ర వేయించాడు. కామెర్లు మా కోర్టులో ఎంతోమందిని ఆదుకున్న జబ్బు. "దీన్ని చీల్చి చెండాడతా సార్" అన్నాను పెద్దసారుతో. ఆయన నా వైపు జాలిగా చూశాడు.

అవ్వ బోనెక్కింది. ఎక్కడో చూసినట్టుందే అనిపించింది గాని, గెలిచే తొందరలో గుర్తుపట్టే తీరికెక్కడిది?

"మీకు కామెర్లు రాలేదు కదా?"

"రాలేదు పాపా. ఎవురు చెప్పినారు?"

హాలంతా నవ్వింది. వాళ్ళ లాయరు తలెత్తి ఫ్యానును పరీక్షించసాగాడు. కేసు అక్కడితో నాదే. పెద్దసారు వెనకనుంచి నా గౌను లాగి "కూచో, కూచో" అని గొణిగాడు. కూచుంటే నేను నేనెలా అవుతాను?

"జబ్బు లేకపోతే ఆ రోజు ఎక్కడికి పోయారు?"

"యాడికీ పోలే. ఈడనే, వరండాలోనే ఉంటి."

"పేరు పిలిస్తే వినపడలేదా?"

"ఇనపడ్య. 'వస్తాండా' అని గూడా అంటి. లేస్తామంటే కుక్క వచ్చె. ఎవురో నల్లకోటు పాప క్యారియర్ చూడమని చెప్పి పోయుండె. మాటిచ్చి యెట్ల ఇడిసిపెడతా సామీ? ఆ పాప వచ్చినాక లోపలికి పోతే, అయిపాయ, ఇంటికి పో అన్న్యారు. అయిపోతే మంచిదే గదా అని పోతి."

జడ్జిగారు కలం కింద పెట్టారు. "ఎవరమ్మా ఆ పాప?"

అవ్వ చెయ్యి చాచింది. "అడుగుతాండాదే, ఆ పాపే."

ఆ క్షణంలో కోటు కింద ఎంత చెమట పట్టిందంటే, ఆ సాయంత్రం దాన్ని పిండి ఆరేశాను. జడ్జిగారు నన్ను చూశారు. "అభ్యంతరం ఏమన్నా ఉందా?" "లేదు సార్" అన్నాను. వాళ్ళ లాయరును కామెర్ల సంగతి గురించి నాలుగు చీవాట్లు పెట్టి, డిక్రీ రద్దు చేశారు. ఇలాంటప్పుడు రానివాళ్ళతో అవతలివాళ్ళకు ఖర్చులు ఇప్పించడం మామూలు. "ఇందులో ఎవరు ఎవరికి ఇవ్వాలో నాకే తెలియడంలేదు" అని ఆ మాట వదిలేశారు.

బయట మామ నన్ను పట్టుకున్నాడు. "నా కేసునే తీసుకపోయి క్యారియర్లో పెట్టి ఆమె చేతికిస్తివి గదమ్మా!" జవాబు అవ్వే ఇచ్చింది. "పిల్లను ఏమనద్దులేప్పా. పసుపు ఎట్లుండాది? తెగులు తగిలిందంట గదా?" మామ చెట్టంత మనిషి మెత్తబడిపోయాడు. తెగులు గురించి మొదలైన మాటలు, గట్టు మీదికొచ్చి, కంప దగ్గర ఆగాయి. తర్వాతి వాయిదాకు ఇద్దరూ రాజీ కాగితం పెట్టుకున్నారు. బండి పోవచ్చు. వానకు గట్టు నానిన రోజుల్లో మాత్రం చుట్టు తిరిగి పోవాలి. రెండు చేల మనుషులు పది నిమిషాల్లో తేల్చుకున్నదాన్ని నేను అరగంట వాదించి చెడగొట్టానన్నమాట.

రాజీ రోజున అవ్వ వేలిముద్ర వేసి, ఇంకు చీర కొంగుకు తుడుచుకుంటూ నన్ను ఎగాదిగా చూసింది. ఎగతాళి లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"పాపా, నువ్వు లాయరయినావా, అయితాండావా?"

"అయితాండా అవ్వా" అన్నాను. ఆ కోర్టులో నేను నిజం చెప్పిన మొదటి సందర్భం అదేనేమో.

ఇప్పుడు నాకూ జూనియర్లున్నారు. ఎండాకాలం కోటు చేతిమీద వేసుకుని నడుస్తాను. బస్సెక్కితే ఎవరో ఒకరు లేచి "కూచో మేడం" అంటారు. అవ్వ అడిగిన ప్రశ్న మాత్రం ఇప్పుడెవరూ అడగరు. అడిగితే బాగుండుననిపిస్తుంది ఒక్కోసారి. నా జవాబు ఇంకా మారలేదు మరి.